తొమ్మిదో గొంతు

ముందుగా ఆ మధ్యాహ్నం గదిలో ఎవరెవరున్నారో, ఏమేం ఉన్నాయో రాస్తాను. నేను. ఎదురు బల్ల దగ్గర సుదర్శన్ అన్న. ఒక కంప్యూటర్, దానికి తగిలించిన హెడ్‌ఫోన్, బల్ల కింద కాలితో నొక్కే పెడల్. ఒక ఇనుప బీరువా, దాని మీద పాత రిజిస్టర్లు పద్నాలుగు. పచ్చ ఇంకు పెన్ను ఒకటి. గోడ గడియారంలో టైము రెండుంబావు. తలుపు తెరిచే ఉంది, బయట మంచి ఎండ. గదిలో ఇంకెవరూ లేరు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. గొంతు అంటే గాలిలో ఒత్తిడి తేడా, మైకు దాన్ని కరెంటుగా మారుస్తుంది, రికార్డర్ మెమరీ కార్డు మీద అది అంకెలుగా పడుతుంది. ఇందులో ఎక్కడా దయ్యానికి చోటు లేదు. మా అవ్వ దిష్టి తీసి వీధిలో పారేసిన నిమ్మకాయల మీదుగా సైకిల్ పోనిచ్చేవాణ్ణి. ఈ సంగతి జరిగాక కూడా అలాగే పోనిస్తున్నాను.

మాది నిజామాబాద్. అవ్వ బీడీలు చుడుతుంది. డిప్లొమా అయ్యాక రెండేళ్లు నాకు ఉద్యోగం లేదు. ఆ రోజుల్లో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆదివారాలు సుదర్శన్ అన్న పాఠం చెప్పేవాడు. నలభై దాటిన మనిషి. బోధన్ దారిలో ఒక చెరుకు రైతుల సంఘం ఆఫీసులో హెడ్ అసిస్టెంట్. నా వేళ్ల వేగం చూసి, "టైపింగ్ అందరికి అస్తది తమ్మీ. ఇనుడు ఎవ్వలకు రాదు. ఇనుడు నేర్పుత, అస్తవా?" అన్నాడు. వెళ్లాను.

ఆ సంఘం పని ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. ఇక్కడి చెరుకు ఇప్పుడు దూరం ఫ్యాక్టరీలకు పోతుంది. కోత ముఠాలు మహారాష్ట్ర వైపు నుంచి వస్తాయి. ముఠాలు తక్కువ, తోటలు ఎక్కువ. అందుకని ఎవరి తోట ముందు కొట్టాలి, ఎవరిది తర్వాత అని సంఘం ఒక వరుస వేస్తుంది. వరుసలో ముందున్నవాడి చెరుకు బరువు తూగుతుంది. ఆఖరున ఉన్నవాడిది ఎండి బెండవుతుంది. కాబట్టి ఆ సంఘంలో గొడవలన్నీ ఆ వరుస గురించే.

ఒకప్పుడు మీటింగులో మాటలు చేత్తో రాసేవారట. తర్వాతి నెల "నేను గట్ల అన్లే" అంటే "అన్నవ్" అని కొట్లాట. అందుకని రికార్డర్ పెట్టారు. మాట్లాడింది మాట్లాడినట్టు టైప్ చేయాలి, వచ్చే నెల మీటింగులో దాన్ని పైకి చదివి వినిపించాలి, విన్నాక అందరూ సంతకాలు పెట్టాలి. ఆ టైపింగ్ ఉద్యోగమే నాది. మొదట ఆరు నెలలు చూస్తారు. రాతలో పెద్ద తప్పు రాకపోతే, ఆరో నెల రాత చదివి వినిపించాక పర్మనెంట్.

పని నేర్చుకున్న పద్ధతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మొదటి వారం సుదర్శన్ అన్న స్క్రీన్‌కు అట్ట అడ్డం పెట్టి టైప్ చేయించాడు. రెండో వారం హెడ్‌ఫోన్ ఇచ్చాడు. చెవి ఒక వాక్యం ముందు నడవాలి, చెయ్యి ఒక వాక్యం వెనక నడవాలి. వినబడకపోతే పెడల్ ఎడమ వైపు నొక్కాలి, ఆడియో మూడు సెకన్లు వెనక్కి పోతుంది. నేను వెనక్కి నొక్కిన ప్రతిసారీ ఆయన ఒక కాగితం మీద గీత గీసేవాడు. తొలిరోజు గంట రికార్డింగుకు నాకు ఎనిమిది గంటలు పట్టింది. గీతలు ఆరు వందల పైన ఉన్నాయి.

"ఏం తమ్మీ, చెవులు ఈడ పెట్టి చేతులు ఇంట్ల మర్చిపోయొచ్చినవా?" అని నవ్వాడు.

ఆయన చెప్పిన నియమాలు నాలుగు. విన్నదే రాయాలి, మనకు తెలిసింది రాయకూడదు. వినబడని చోట ఊహించకుండా ఖాళీ గీత వదలాలి. మాట్లాడింది ఎవరో మనకు అక్కర్లేదు, మొదట మాట్లాడినవాడు గొంతు ఒకటి, రెండోవాడు గొంతు రెండు, అలా నంబరు వేసుకుంటూ పోవాలి. నాలుగోది ఆయన రోజూ చెప్పేవాడు.

"మనసును బైట కూసోపెట్టు. చెవికీ చేతికీ నడుమ దానికేం పని?"

ఇది నిజంగా అవసరం. అర్థం గురించి ఆలోచిస్తే చెయ్యి ఆగిపోతుంది. మూడో నెలకు నాకు అది పట్టుబడింది. పూర్తయిన పేజీలో ఏం రాశానో నన్ను అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి, కానీ పేజీలో తప్పు ఉండేది కాదు. ఐదో నెలకు గంట ఆడియో మూడు గంటల్లోపు అయిపోయేది. గీతలు నలభైకి దిగాయి. అవ్వ తనతో బీడీలు చుట్టేవాళ్లకు, "మావోడు ఇన్నది ఇన్నట్టు రాస్తడు, ఒక్క ముక్క ఎక్వ గాదు, ఒక్క ముక్క తక్వ గాదు" అని చెప్పుకునేది.

ఇంకో కట్టుబాటు ఉండేది. టైప్ చేసేవాడు, సరిచూసేవాడు మీటింగులో కూర్చోకూడదు. కూర్చుంటే తెలిసింది రాస్తారని. సుదర్శన్ అన్న రికార్డర్ నొక్కి బయటికి వచ్చేసేవాడు. నేను టైప్ చేసి ప్రింటు ఇచ్చాక ఆయన అదే ఆడియో పెట్టుకుని, విన్న ప్రతి లైను చివరా పచ్చ ఇంకుతో టిక్కు పెట్టేవాడు. ప్రతి అర నిమిషానికీ, ఆడియో అయిపోయిన చోటా కంప్యూటర్ మీద కనబడే టైమును కాగితం అంచున రాసేవాడు. నేను వదిలిన ఖాళీల్లో ఆయనకు వినబడింది పూరించేవాడు. నాకు వినబడనివి ఆయనకు వినబడేవి. అది చూసి నేను ఆయన్ని గురువు అనుకున్నాను. ఇంట్లో అవ్వ దగ్గర కూడా 'మా సార్' అనేవాణ్ణి.

ఇక ఆ మధ్యాహ్నం. అది ఆరో నెల. అప్పటికి ఐదు మీటింగులు టైప్ చేశాను. ఇది ఆరోది, చివరి పరీక్ష. హాజరు పుస్తకంలో తొమ్మిది సంతకాలున్నాయి. మీటింగు ఆ ఏడాది కోత వరుస గురించి.

అలవాటు ప్రకారం ముందు ఫైలును నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. తర్వాత టైప్ మొదలుపెట్టాను. మొదటి పావుగంటలోనే ఎనిమిది గొంతులు వచ్చేశాయి. తర్వాత గొంతు ఒకటి, అంటే చైర్మన్, వరుసలో పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఏడో నంబరు దగ్గర ఆయన బామ్మర్ది పేరు వచ్చింది. ఆ సంగతి కూడా నాకు తర్వాతే తట్టింది. అప్పుడు నా మనసు బయట కూర్చుని ఉంది.

ఏడో పేరు అయ్యాక ఒక కొత్త గొంతు వచ్చింది. హాజరు తొమ్మిది మంది, గొంతులు ఎనిమిదే వచ్చాయి కాబట్టి, ఇంతసేపూ మాట్లాడని తొమ్మిదోవాడు ఇప్పుడు మాట్లాడుతున్నాడు అనుకున్నాను. గొంతు తొమ్మిది అని నంబరు వేశాను. ముసలి గొంతు. ప్రతి మాటకు ముందు చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గు కూడా నేను రాశాను, అది నియమం.

ఆ గొంతు గురించి నాకు ఒక్కటే గుర్తుంది. అది నా చేతి వేగంతో నడిచింది. ఒక ముక్క చెప్పి ఆగేది. నేను ఆ ముక్క పూర్తి చేసేసరికి తర్వాతది మొదలయ్యేది. ఆ మనిషి మాట్లాడినంతసేపూ నేను పెడల్ ఒక్కసారి కూడా వెనక్కి నొక్కలేదు. ఆరు నెలల్లో ఎన్నడూ అలా జరగలేదు. హెడ్‌ఫోన్ తీసి సుదర్శన్ అన్నతో గొప్పగా చెప్పాను.

"అన్నా, రెండు నిమిషాల పైన ఒక్కపారి గూడ ఎనకకు నొక్కలే."

"మరేమనుకున్నవ్? నేర్పింది ఎవ్వలు?" అన్నాడు ఆయన తలెత్తకుండానే.

ఆ భాగంలో ఒకే ఒక్క చోట మాట పూర్తిగా దగ్గులో కలిసిపోయింది. ఊహించకుండా ఖాళీ గీత వదిలేశాను. మిగతాది యథాతథంగా టైప్ అయింది. ఆ గొంతు ఆగిపోయాక చైర్మన్ ఏమీ జరగనట్టు "ఎనిమిది" అని తర్వాతి పేరు చదివాడు. ఎవరూ జవాబివ్వలేదు. మీటింగుల్లో కొందరి మాట ఎవరూ పట్టించుకోరు, ఐదు నెలల్లో అది చాలాసార్లు విన్నాను. వింతగా అనిపించలేదు.

మరునాడు సుదర్శన్ అన్న నా ఎదురుగానే కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుని సరిచూశాడు. నేను పాత రిజిస్టర్లకు అట్టలు వేస్తున్నాను. ఆయన పెన్ను ఆగకుండా నడిచింది. షీట్లు తిరిగి నా చేతికి వచ్చినప్పుడు అన్ని లైన్లకూ టిక్కులున్నాయి. అంచున టైములున్నాయి. నేను వదిలిన ఆ ఖాళీ కూడా పచ్చ ఇంకుతో నిండి ఉంది. అబ్బ, ఏం చెవి అనుకుని, ఆయన రాసింది కలిపి ఫైనల్ కాపీ తీశాను. ఏం రాశాడో చదివాను, కానీ అర్థం చేసుకోలేదు.

తర్వాతి నెల మీటింగులో చదివి వినిపించడానికి నన్ను లోపలికి పిలిచారు. ఆ ఒక్క పనికి మాత్రం టైపిస్టు లోపలికి రావచ్చు. ఆ రోజు తొమ్మిది మందితో పాటు తలుపు దగ్గర కుర్చీలో ఒక పెద్దామె కూర్చుని ఉంది. పేరు రాజవ్వ. ఆమె భర్త గంగారాం ఆ సంఘంలో పాత సభ్యుడు, నేను ఉద్యోగంలో చేరక ముందే పోయాడు. ఆయన సభ్యత్వం తన పేరు మీదికి మార్చమని అడగడానికి వచ్చింది. నేను గంగారాంను ఎన్నడూ చూడలేదు.

చదవడం మొదలుపెట్టాను. చదవడం కూడా అలాగే, మనసు బయట. ఏడో పేరు చదివాను. తర్వాత ఇది చదివాను. ఫైనల్ కాపీలో ఉన్నది ఉన్నట్టు, అందులోంచి కొన్ని లైన్లు ఇక్కడ ఇస్తున్నాను.

"గొంతు తొమ్మిది: (దగ్గు) ఆగుర్రి. ఏడో నంబరు నాది. రాసుకో బిడ్డా. (దగ్గు) తూము కింది చెరుకు, రెండెకరాలు, రెండో కోత. పోయినేడు ఆఖరుకు పెట్టిండ్రు, ఎండిపోయింది. రాసుకున్నవా? (దగ్గు) ఈయేడు ఏడు ఇస్తమని చీటి రాసిండ్రు. బుక్కుల ఎక్కియ్యలే. చీటి పాత హాజరు బుక్కు అట్ట లోపల ఉన్నది. రాసుకున్నవా? (దగ్గు) నేను లేకుంటే లేకపోతి. పంట ఉన్నది గద. పంటకు వరుస ఉన్నది గద. రాసుకున్నవా?"

'పాత హాజరు బుక్కు అట్ట లోపల' అన్న ముక్క నాది కాదు. నేను వదిలిన ఖాళీలో పచ్చ ఇంకుతో ఉన్నది అదే.

చదవడం ఆపాను. ఎవరో ఆపమన్నారని కాదు. అందరి తలలూ నా వైపు తిరిగి ఉన్నాయి.

"ఎవరన్నరు గీ మాట?" అన్నాడు చైర్మన్.

గొంతులు తెలిసిన ఎనిమిది మంది పోగా హాజరులో మిగిలిన పేరు చెప్పాను. ఆ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "నాకు ఆ దినం పంటినొప్పి సాబ్. మీరంత సూసిండ్రు గద, దవడకు రుమాల్ కట్టుకొనొచ్చిన. ఒక్క మాట మాట్లాడలే" అన్నాడు. నలుగురు అవునన్నారు.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి రాజవ్వ అంది. "సదువు బిడ్డా. ఇంకోపారి సదువు."

చైర్మన్ వద్దనలేదు. మళ్లీ చదివాను.

"గది మా ఆయిన మాటనే" అంది ఆమె. ఏడవలేదు. "ఏది జెప్పినా నడుమ నడుమ రాసుకున్నవా అంటుండె. అంగట్లకెల్లి ఏమేం తేవాల్నో నాకు జెప్పినా గట్లనే అంటుండె. నాకు అచ్చరం ముక్క రాదని తెల్సి గూడ."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పాత సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చేత్తో రాసే రోజుల్లో గంగారాం ప్రతి ముక్కకూ రాసేవాణ్ణి ఆపి అలాగే అడిగేవాడని తర్వాత తెలిసింది.

చైర్మన్ రికార్డర్ తెమ్మన్నాడు. దాని అసలు కార్డు ఎప్పుడూ ఆయన అలమారలోనే, ఆయన తాళం కిందే ఉంటుంది. బల్ల మీద పెట్టి, ఏడో పేరు దగ్గర నుంచి వినిపించారు. ఇరవై ఆరో నిమిషం. చైర్మన్ గొంతు "ఏడు" అంది, బామ్మర్ది పేరు చదివింది. కాగితం తిప్పిన చప్పుడు. "ఎనిమిది."

అంతే. మధ్యలో ఏమీ లేదు. మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ అంతే.

నాకు భయం వేయలేదు. ఎందుకంటే విన్నది నేను ఒక్కణ్ణే కాదు. సుదర్శన్ అన్న విన్నాడు. లైను లైనుకూ టిక్కు పెట్టాడు. నేను వినలేనిది కూడా ఆయన విన్నాడు. ఆయన్ని పిలవమని నేనే అడిగాను. ధైర్యంగా అడిగాను.

ఆయన వచ్చి నిలబడ్డాడు. చైర్మన్ ఫైనల్ కాపీ కింద ఉన్న పచ్చ టిక్కుల షీట్లు చూపించి, "ఇది నువ్వు ఇన్నవా?" అని అడిగాడు.

సుదర్శన్ అన్న ఆ లైన్లు చదువుకున్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. తన చేతిరాత దగ్గర ఆయన కళ్లు ఆగిపోయాయి. తను ఏం రాశాడో ఆయన అప్పుడే మొదటిసారి తెలుసుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆరు నెలలు నాకు నేర్పిన పద్ధతి అదే కదా.

"నేను ఇనలే సాబ్" అన్నాడు. "పొల్లగాని మీద నమ్మకంతోని టిక్కులు కొట్టిన. గా ఖాళీల ఏం రాయాల్నో గూడ వాడే చెప్పిండు."

"అన్నా!" అన్నాను.

అబద్ధం ఆడుతున్నాడన్నదానికంటే, అంత తేలిగ్గా ఆడగలగడం నన్ను ఎక్కువ దెబ్బతీసింది. వినకుండా టిక్కు పెట్టడం ఆయన దృష్టిలో ఎంత నీచమైన పనో నాకు తెలుసు. ఒకసారి నేను ఒక పేజీని వినకుండా సరిచూశానని తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పనే తను చేశానని తొమ్మిది మంది ముందు ఒప్పుకున్నాడు, విన్నానని ఒప్పుకోకుండా ఉండటానికి.

రాజవ్వ ఊరుకోలేదు. "ఎవ్వలు ఇన్నరో ఎవ్వలు ఇనలేదో నాకెందుకు? గా బుక్కు సూడుర్రి" అంది.

పాత హాజరు పుస్తకం బీరువా మీద ఉన్న పద్నాలుగు రిజిస్టర్లలో ఒకటి. పంటినొప్పి పెద్దమనిషే వెళ్లి తెచ్చాడు. అట్టకూ లోపలి కాగితానికీ మధ్య వేలు పెట్టి చూశాడు. నాలుగు మడతలు పెట్టిన చీటి ఒకటి బయటికి వచ్చింది. గంగారాం పేరు, తూము కింది రెండెకరాలు, ఏడో నంబరు, సంఘం ముద్ర. రాత సుదర్శన్ అన్నది. ఆ గదిలో ఆ రాతను గుర్తుపట్టనివాడు లేడు.

ఇక ఒప్పుకుంటాడు అనుకున్నాను.

"చీటి రాసింది నేనే. గంగారాం తాత సచ్చిపోయినంక ఎక్కియ్యుడు మర్చిపోయిన, అది నా తప్పే" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా వేలు మాత్రం నా వైపు చూపించాడు. "కని రిజిస్టర్లకు అట్టలేసింది ఎవ్వలు? వీడే. చీటి సూసిండు. ఆ ముసలామె మీద జాలి పుట్టింది. మీటింగుల అన్నట్టు అల్లి టైప్ గొట్టిండు."

వినడానికి అది నాకే నమ్మదగినట్టు అనిపించింది. అట్టలు వేసింది నేనే. కానీ వేసింది టైప్ చేశాక, మరునాడు, ఆయన ఎదురుగా కూర్చుని సరిచూస్తున్నప్పుడు. పైగా వేసింది పన్నెండింటికే. మిగిలిన రెండింటిలో ఆ హాజరు పుస్తకం ఒకటి. దాని పాత అట్ట ఇంకా అలాగే ఉంది. ఈ మాట చెప్పాను. తేదీ రాసి ఉందా అని అడిగారు. అట్టలు వేసిన తేదీ ఎవరు రాస్తారు?

ఆ రోజు రెండు తీర్మానాలయ్యాయి. ఒకటి, చీటి నిజం కాబట్టి ఏడో నంబరు రాజవ్వకు. చైర్మన్ బామ్మర్ది వెనక్కి పోయాడు. రెండు, ఆడియోలో లేనిది మీటింగు మాటల్లో చేర్చినందుకు నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. సుదర్శన్ అన్నను మందలించి వదిలేశారు. ఈ రెండో తీర్మానం టైప్ చేసిందెవరో నాకు తెలియదు.

షీట్లు తిరిగి ఇచ్చే ముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. ఎవరూ ఆపలేదు. బయట రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నా వల్ల నీ కొలువు వాయె కొడుకా" అంది. తర్వాత మెల్లగా అడిగింది, "మంచిగున్నడా? దగ్గు తగ్గిందా?" నేను తగ్గిందని చెప్పాను. ఉద్యోగంలో చేరాక విన్నది కాకుండా వేరే మాట నేను చెప్పింది అదే మొదటిసారి.

నిజామాబాద్ బస్సు కోసం నిలబడి ఉంటే సుదర్శన్ అన్న బండి మీద వచ్చాడు. నన్ను చూసి కూడా ఆగకుండా పోయేవాడే, నేను అడ్డం నిలబడ్డాను.

"అన్నా, ఇంకెవ్వలు లేరు ఈడ. నువ్వు ఇన్నవు గద?"

ఆయన ఒక కాలు కింద పెట్టి బండి ఆపాడు. చెరుకు ట్రాక్టరు ఒకటి గడలు రాలుస్తూ వెళ్లింది.

"ఇన్నదాన్ని రాయుమన్న తమ్మీ" అన్నాడు. "ఇన్ననని ఒప్పుకొమ్మని నేను ఎవ్వలకు నేర్పలే."

బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఆయనతో నేను మాట్లాడింది అదే ఆఖరు.

ఇంటికి వచ్చి నాకు తెలిసిన పద్ధతిలో వెతికాను. నా పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంది, టైప్ చేయకముందే తీసుకున్నది. అందులోనూ ఆ గొంతు లేదు. తర్వాత ఎవరో కోసేశారు అనడానికి వీల్లేదు, ఆ కాపీ నా జేబులోనే ఉంది. మీటింగు గదిలో పాత ఫ్యాన్ ఒకటి తిరిగిన ప్రతిసారీ టిక్కుమంటుంది. ఆ టిక్కుల మధ్య దూరం కొలిచాను. చైర్మన్ "ఏడు"కూ "ఎనిమిది"కీ మధ్య కూడా ఆ దూరం మారలేదు. ముక్క కోసి అతికిస్తే మారేది.

నేర్చుకునేటప్పుడు విన్న పాత రికార్డింగుల్లో ఎక్కడైనా గంగారాం గొంతు విని ఉంటానా, అది మనసులో ఉండిపోయి ఇక్కడ బయటపడిందా అని కూడా చూశాను. నాకు ప్రాక్టీసుకు ఇచ్చిన ఫైళ్లన్నీ ఆయన పోయిన తర్వాతివి. తేదీలు ఉన్నాయి.

పోనీ, ఎండకు నాకు ఏదో భ్రమ కలిగింది అనుకుందాం. అయితే పచ్చ టైముల సంగతి ఏమిటి? మీటింగులోకి టీ గ్లాసులు వచ్చిన చప్పుడు ఆడియోలో ముప్పయ్యో నిమిషంలో ఉంది. షీటు అంచున అదే చోట సుదర్శన్ అన్న రాసిన టైము ముప్పై రెండున్నర. ఆయన అంచున టైములు లెక్కగట్టి రాయడు. కంప్యూటర్ మీద కనబడింది చూసి రాస్తాడు. అంటే మరునాడు పట్టపగలు, నా ఎదురుగా, ఆయన చూస్తున్న స్క్రీన్ మీద కూడా ఆ నిమిషాలు నడిచాయి.

ఆ గొంతు ఎవరిదో, కార్డు మీద పడకుండా ఇద్దరి చెవుల్లో ఎలా పడిందో నేను చెప్పలేను. ఇప్పటికీ చెప్పలేను. దయ్యం అనే మాట వాడటం నాకు ఇష్టం లేదు, దానికి బదులు వాడటానికి నా దగ్గర వేరే మాట కూడా లేదు. రాజవ్వ చెరుకు ఏడో నంబరు మీదే కొట్టారని, తూకం బాగా వచ్చిందని ఎవరో చెప్పగా విన్నాను. నేను ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర ఆయన చెప్పే రిపోర్టులు టైప్ చేస్తున్నాను. గంట ఆడియోకు రెండున్నర గంటలు. ఎవరైనా నేర్పమని వస్తే పెడల్, అట్ట, నంబర్లు అన్నీ చూపిస్తాను. మనసును బయట కూర్చోబెట్టమని మాత్రం చెప్పను.

ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి. ఆడియో నిడివి నలభై ఒక్క నిమిషాల పదహారు సెకన్లు. షీట్ల ప్రకారం నలభై మూడు నిమిషాల యాభై సెకన్లు. తేడా రెండు నిమిషాల ముప్పై నాలుగు సెకన్లు. ఆ తేడాలో టైప్ అయిన లైన్లు ముప్పై ఒకటి. పచ్చ టిక్కులు ముప్పై ఒకటి.